పెద్ద ఇంజన్ లెక్క వెనక టైరు దగ్గర మొదలవ్వాలి

స్పోర్ట్స్ కారులో పెద్ద ఇంజన్ వేద్దామనుకునేవాళ్లలో చాలామంది ముందు ఇంజన్ కొనేస్తారు. తర్వాత దానికి సరిపడే గేరుబాక్సు కోసం వెతుకుతారు. కారు రోడ్డెక్కాక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) విరుగుతుంది, అప్పుడు దాని సంగతి చూస్తారు. బ్రేకులు అన్నిటికన్నా ఆఖర్న గుర్తొస్తాయి. ఈ వరుస పూర్తిగా తలకిందులు. లెక్క వెనక టైరు దగ్గర మొదలుపెట్టాలి. అక్కణ్ణుంచి డిఫరెన్షియల్, షాఫ్టు, గేరుబాక్సు, క్లచ్ మీదుగా ముందుకు నడిచి, చివరికి ఇంజన్ దగ్గర ఆగాలి. అలా నడిచినవాళ్లలో ఎక్కువమందికి తాము కలలుగన్న ఇంజన్ కంటే చిన్నదే సరిపోతుందని తేలుతుంది. ఈ మాట నచ్చనివాళ్లు చాలామంది ఉంటారని తెలుసు. కాబట్టి అంకెలతోనే మాట్లాడుకుందాం.

ఈ పనికి లోకమంతా ఎక్కువగా వాడే కారు మొదటి తరం మాజ్దా ఎమ్‌ఎక్స్-5. 1989లో వచ్చింది. బరువు టన్ను లోపే, వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2265 మిల్లీమీటర్లు, ఇంజన్ 1.6 లీటర్లు, టార్క్ (తిప్పే బలం) సుమారు 136 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 3.136, డిఫరెన్షియల్ నిష్పత్తి 4.3. ఈ మూడింటినీ గుణిస్తే మొదటి గేరులో వెనక ఇరుసు దగ్గరికి చేరేది దాదాపు 1830 న్యూటన్ మీటర్లు. మధ్యలో రాపిడికి పోయే పదో పదిహేనో శాతాన్ని ఇక్కడ పట్టించుకోవడం లేదు.

ఇప్పుడు టైరు వైపు నుంచి చూద్దాం. పెద్ద ఇంజన్ వేశాక కారు, డ్రైవరు కలిపి 1180 కిలోలు అనుకుందాం. సగం బరువు వెనక ఉంటుంది. గట్టిగా ముందుకు దూకేటప్పుడు ముందు నుంచి మరో 150 కిలోల దాకా వెనక్కి మళ్లుతుంది. అంటే వెనక ఇరుసు మీద 740 కిలోలు. మామూలు రోడ్డు టైరుకు ఘర్షణ గుణకం 1 అనుకుని, టైరు వ్యాసార్ధం 0.29 మీటర్లు తీసుకుంటే, టైరు జారకుండా భరించగలిగే గరిష్ఠ టార్క్ సుమారు 2100 న్యూటన్ మీటర్లు. అంటే అసలు కారులో మొదటి గేరు టార్క్ టైరు హద్దుకు కొంచెం కిందే ఉంది. ఫ్యాక్టరీ ఇంజనీర్లు ఊరికే జీతం తీసుకోలేదు.

అదే కారులో జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్1 వేద్దాం. 1997 కార్వెట్‌తో వచ్చిన 5.7 లీటర్ల అల్యూమినియం వీ8 (రెండు వరుసల్లో ఎనిమిది సిలిండర్ల ఇంజన్) ఇది. టార్క్ 475 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. దానితో వచ్చే ఆరు గేర్ల టీ56 గేరుబాక్సులో మొదటి గేరు 2.66, రెండోది 1.78, మూడోది 1.30. డిఫరెన్షియల్‌ను తెలివిగా 3.27కి దించామనుకుందాం. అయినా మొదటి గేరులో ఇరుసు దగ్గర 4130 వస్తుంది, అంటే టైరు హద్దుకు దాదాపు రెట్టింపు. రెండో గేరులో 2765. మూడో గేరులో 2019. మూడో గేరులో ఆ టార్క్ వచ్చేది గంటకు 110 కిలోమీటర్ల వేగం దగ్గర. ఆ వేగంలో మలుపు తిరుగుతూ పెడల్ పూర్తిగా తొక్కితే టైరు పట్టంతా ముందుకు తొయ్యడానికే ఖర్చయిపోతుంది, పక్కకు పట్టి ఉంచడానికి ఏమీ మిగలదు. పోటీల్లో వాడే మెత్తటి టైర్లు వేస్తే హద్దు 2500 దాటుతుంది, నిజమే. అప్పుడు రెండో గేరు కొంత లొంగుతుంది, మొదటి గేరు మాత్రం లొంగదు.

అదే అసలు 4.3 డిఫరెన్షియల్‌ను ఉంచేసి ఎల్‌ఎస్1 వేస్తే మొదటి గేరు అంకె 5430 దాటుతుంది. దానివల్ల కారు వేగమేమీ పెరగదు, టైర్లు మాత్రం తొందరగా అరుగుతాయి. పెద్ద ఇంజన్ వేసినప్పుడు డిఫరెన్షియల్ నిష్పత్తి తగ్గించడం కోరిక కాదు, అవసరం.

ఇంకో దారి హోండా కే24. 2354 సీసీ, నాలుగు సిలిండర్లు, అల్యూమినియం బ్లాకు, టార్క్ 225 న్యూటన్ మీటర్ల దగ్గర. మాజ్దా అయిదు గేర్ల గేరుబాక్సు, 4.1 డిఫరెన్షియల్‌తో రెండో గేరులో (1.888) ఇరుసు దగ్గర 1742 వస్తుంది. టైరు హద్దు 2100. అంటే రెండో గేరు నుంచి పెడల్ మొత్తం వాడుకోవచ్చు, 7000 ఆర్‌పీఎమ్ దాకా లాగొచ్చు. ముక్కు మీద బరువు పెరగదు. గుర్రపు శక్తి అంకె చూసి మురిసేవాళ్లకు ఇది తక్కువగా అనిపిస్తుంది. కానీ మలుపుల దారిలో డ్రైవరు నిజంగా వాడుకోగలిగిన శక్తిని లెక్కేస్తే రెండింటి మధ్య తేడా కాగితం మీద కనిపించినంత ఉండదు. తిన్నటి దారిలో వీ8ని ఎవరూ పట్టుకోలేరు, అది వేరే సంగతి. తిన్నటి దారి కోసమే అయితే ఎమ్‌ఎక్స్-5 ఎందుకు కొన్నట్టు?

పాత కంపెనీలు ఈ పాఠాన్ని డబ్బు పోసి నేర్చుకున్నాయి. 1967లో ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ముందు భాగంలో 2.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇనుప ఇంజన్ పెట్టి ఎంజీసీ అన్నారు. ముక్కు బరువు దాదాపు 95 కిలోలు పెరిగింది. ఇంజన్ పట్టడానికి బానెట్‌కు బుడిపె పెట్టారు, ముందు సస్పెన్షన్‌ను టార్షన్ బార్లతో కొత్తగా చేశారు. అంత చేసినా స్టీరింగ్ తిప్పితే ముక్కు మొండికేస్తోందని తిట్లు తిని, 1969లో ఆగిపోయింది. 1973లో ఎంజీబీయే జీటీ రూపంలో రోవర్ 3.5 లీటర్ల వీ8తో వచ్చింది. ఆ అల్యూమినియం వీ8 బరువు ఎంజీబీలోని 1.8 లీటర్ల ఇనుప ఇంజన్ కంటే కొంచెం తక్కువే. ఎంజీసీది 145 గుర్రపు శక్తి, ఈ వీ8ది 137. శక్తి తక్కువైన కారే మంచి కారని పేరు తెచ్చుకుంది. అందుకే ఇంజన్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని లీటర్లు అని కాదు, ఎన్ని కిలోలు, ఆ కిలోలు ముందు ఇరుసుకు ముందు పడతాయా వెనక పడతాయా అని.

మరో బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఏసీ ఏస్ సంగతీ ఇంతే. 1962లో దాని ఛాసీలో ఫోర్డ్ 260 వీ8 (ఈ అంకె ఘన అంగుళాల్లో ఇంజన్ పరిమాణం) పెట్టి కోబ్రా చేశారు. తర్వాత 289 వచ్చింది, అక్కడిదాకా ఆ ఛాసీ తట్టుకుంది. 427 వేసే సమయానికి అదే ఛాసీని సాగదీయలేక, 3 అంగుళాల గొట్టాల స్థానంలో 4 అంగుళాలవి వేసి, అడ్డ ఆకు స్ప్రింగులు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టి కొత్త ఛాసీ కట్టారు. కంపెనీ స్థాయిలో ఉన్నవాళ్లే ఛాసీ మార్చాల్సొచ్చింది. గ్యారేజీలో ఒక్క వెల్డింగ్ మిషన్‌తో పని కానిస్తామనుకునేవాళ్లు ఈ విషయం కాస్త గుర్తుపెట్టుకోవాలి.

వెనక నుంచి ముందుకు

1.6 లీటర్ల ఎమ్‌ఎక్స్-5 డిఫరెన్షియల్‌లో క్రౌన్ వీలు (లోపలి పెద్ద పళ్ల చక్రం) 6 అంగుళాలది. 1994 నుంచి 1.8తో వచ్చినది 7 అంగుళాలది. 6 అంగుళాలది కాస్త పెంచిన 1.6కే పళ్లు రాల్చుకుంటుంది. కే24కి 7 అంగుళాలది కనీస అర్హత. వీ8కి అదీ చాలదు, ఫోర్డ్ 8.8 అంగుళాలది లాంటి పెద్ద డిఫరెన్షియల్ కావాలి. వెనక సస్పెన్షన్ ఇండిపెండెంట్ కాబట్టి అలాంటి కార్లలో వాడిన కేసింగే తీసుకోవాలి. దాంతోపాటు యాక్సిల్ షాఫ్టులు కూడా. ఒక చివర కొత్త డిఫరెన్షియల్ పళ్లు, రెండో చివర పాత హబ్ పళ్లు ఉండేలా షాఫ్టులు చేయించుకోవాలి.

ఎమ్‌ఎక్స్-5లో ఇంకో చిక్కుంది. గేరుబాక్సుకీ డిఫరెన్షియల్‌కీ మధ్య ఒక పొడుగాటి అల్యూమినియం దూలం ఉంటుంది. డిఫరెన్షియల్ ముక్కు పైకి లేవకుండా పట్టుకునేది అదే. గేరుబాక్సు మారితే ఆ దూలం తగిలించడానికి చోటుండదు. దూలం తీసేసి డిఫరెన్షియల్‌ను పాత రెండు బుష్‌ల మీదే వదిలేస్తే, మొదటిసారి గట్టిగా క్లచ్ వదిలినప్పుడు ముక్కు లేచి బుష్‌లు చిరుగుతాయి, లేదా కేసింగ్ చెవులు విరుగుతాయి. డిఫరెన్షియల్ ముక్కును సబ్‌ఫ్రేముకు కట్టే బ్రాకెట్ విడిగా చేయించాలి. గేరుబాక్సు తోకకూ కొత్త అడ్డ పట్టీ కావాలి.

గేరుబాక్సును డిఫరెన్షియల్‌కు కలిపే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు కొలిచేది ఇంజన్, గేరుబాక్సు, డిఫరెన్షియల్ మూడూ శాశ్వతంగా బిగిశాకే. ముందు కొలిచి చేయిస్తే రెండోసారి చేయించాల్సి వస్తుంది. గేరుబాక్సు బయటి షాఫ్టు వాలు, డిఫరెన్షియల్ పినియన్ వాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అప్పుడు రెండు యూనివర్సల్ జాయింట్ల దగ్గర కోణాలు సమానంగా, ఎదురెదురుగా పడతాయి. ఒక్కో జాయింటు కోణం 3 డిగ్రీలు దాటకూడదు. సున్నా కూడా కాకూడదు, అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ అయినా లేకపోతే లోపలి సూది బేరింగులు ఒకేచోట అరిగిపోతాయి. 80 కిలోమీటర్ల దగ్గర మొదలై వేగంతో పెరిగే వణుకు వస్తే ముందు అనుమానించాల్సింది టైరు బ్యాలెన్సు కాదు, ఈ కోణాలే.

ఇంజన్, గేరుబాక్సు వేర్వేరు కంపెనీలవైతే మధ్యలో అడాప్టర్ ప్లేటు పడుతుంది. తొందరపాటు ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే. క్రాంకు (ఇంజన్ ప్రధాన షాఫ్టు) మధ్యబిందువు, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మధ్యబిందువు ఒకే గీత మీద ఉండాలి. ఫ్లైవీల్ మీద డయల్ గేజి అయస్కాంతం పెట్టి, బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గేరుబాక్సు ముందు తొడుగు) రంధ్రం లోపలి అంచు చుట్టూ క్రాంకు తిప్పి చూడాలి. ముల్లు మొత్తం కదలిక 0.005 అంగుళం, అంటే 0.13 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఎక్కువుంటే పక్కకు జరిపిన డోవెల్ పిన్నులతో సరిచేయాలి. బెల్ హౌసింగ్ ముఖం వంకర ఉందో లేదో కూడా అదే గేజితో చూడాలి. ఇది వదిలేస్తే మొదట్లో ఏమీ తెలియదు. కొన్ని వేల కిలోమీటర్లకు క్రాంకు చివర ఇన్‌పుట్ షాఫ్టు మొనను మోసే పైలట్ బేరింగు గీపెడుతుంది, తర్వాత ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు పోతుంది, ఒక్కోసారి క్లచ్ డిస్కు మధ్య భాగం చీలిపోతుంది. గేరుబాక్సు దించకుండా వీటిలో ఏదీ బాగుచేయలేం.

పెడల్ దగ్గర ద్రవాన్ని తోసే క్లచ్ మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) కూడా చూసుకోవాలి. గేరుబాక్సు దగ్గర క్లచ్‌ను విడదీసే కొత్త స్లేవ్ సిలిండర్‌కు ఎక్కువ ద్రవం కావాలి, పాత మాస్టర్ అంత తొయ్యలేదు. పెడల్ నేలకు తాకినా క్లచ్ పూర్తిగా విడదు, రివర్స్ వేస్తే గరగరమంటుంది. గాలి ఉందేమోనని చాలామంది రోజుల తరబడి బ్లీడ్ చేస్తూనే ఉంటారు. బోరు పెద్దది వేస్తే పని అయిపోతుంది, పెడల్ మాత్రం కొంచెం గట్టిపడుతుంది.

ఇంజన్ కూర్చోబెట్టడం

మొదటి ట్రయల్ ఖాళీ బ్లాకుతో చేయడం మంచిది. లోపల క్రాంకు, పిస్టన్లు లేని పాడైపోయిన బ్లాకు, ఖాళీ గేరుబాక్సు కేసింగ్ దొరికితే పది సార్లు ఎత్తి దించొచ్చు. ఇంజన్‌ను వీలైనంత వెనక్కీ కిందికీ తోయాలి. అక్కడ నాలుగు వైపుల నుంచి అడ్డంకులొస్తాయి. వెనక ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ), కింద క్రాస్ మెంబరు (ఛాసీ అడ్డ దూలం), పక్కన స్టీరింగ్ షాఫ్టు, పైన బానెట్. 1964 సన్‌బీమ్ టైగర్‌లో ఫోర్డ్ వీ8 పెట్టినప్పుడు పాత స్టీరింగ్ బాక్సుకు చోటు లేక ర్యాక్ అండ్ పినియన్‌కు మారారు. వెనకాల ఉన్న ఒక స్పార్క్ ప్లగ్గును తీయడానికి ఫైర్‌వాల్‌లో రంధ్రం పెట్టి రబ్బరు మూత వేశారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు అది. కాబట్టి మౌంటింగులు వెల్డ్ చేసేముందు ఎనిమిది ప్లగ్గులకూ స్పానర్ పెట్టి చూడండి, స్టార్టర్ మోటారు తీసి పెట్టండి, ఆయిల్ ఫిల్టర్ విప్పి బిగించండి.

ఇంజన్ చుట్టూ కనీసం 15 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి, ఎందుకంటే రబ్బరు మౌంటింగుల మీద వీ8 గట్టిగానే ఊగుతుంది. ఊగకూడదని గట్టి పాలీయురథేన్ మౌంటింగులు వేస్తే డ్యాష్‌బోర్డు అంతా మోగుతుంది. రోడ్డు కారుకు రబ్బరే మేలని నా అభిప్రాయం, ఖాళీ ఇంకో అర సెంటీమీటరు పెంచుకుంటే చాలు.

ఆయిల్ చాంబర్ దగ్గర అసలు బేరం మొదలవుతుంది. క్రాస్ మెంబరు తప్పించుకోవడానికి చాంబర్ కోసి, పక్కలకు రెక్కలు పెట్టి వెల్డ్ చేస్తారు. నూనె పీల్చే పికప్ గొట్టం నోటికీ చాంబర్ అడుగుకీ మధ్య 6 నుంచి 10 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. తక్కువైతే నూనె సరిగ్గా అందదు, ఎక్కువైతే మలుపులో గాలి లాగుతుంది. ఒక చుక్క మెత్తటి మైనం అడుగున అంటించి చాంబర్ బిగించి తీసి, నలిగిన మందం కొలిస్తే దూరం తెలిసిపోతుంది. లోపల అడ్డుగోడలు లేకుండా చదునుగా చేసిన చాంబర్‌తో పొడవాటి మలుపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతుంది. అలా రెండు మూడు సార్లయితే కనెక్టింగ్ రాడ్ బేరింగులు సెలవు తీసుకుంటాయి.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టీరింగ్ షాఫ్టును రాసుకుంటూ పోతుంది. షాఫ్టులోని రబ్బరు కీలు కరగకుండా వేడి కవచం పెట్టాలి, లేదా ఆ కీలు స్థానంలో ఇనుప జాయింటు వేయాలి. బ్రేకు గొట్టాలు, క్లచ్ గొట్టం కూడా ఇటువైపే ఉంటాయి. వాటిని ముందే దూరంగా మళ్లించండి.

వేడి, పెట్రోలు, వైరింగు

చల్లదనం గురించి జనానికి ఒక అపోహ ఉంది. ఇంజన్ మూడు రెట్లు పెద్దదైతే రేడియేటర్ మూడు రెట్లు కావాలనుకుంటారు. నిలకడగా 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు కారుకు కావాల్సిన శక్తి అంతే, కాబట్టి పెద్ద ఇంజన్ పుట్టించే వేడి కొంచెమే ఎక్కువ. కష్టం రెండు చోట్ల వస్తుంది. ఒకటి, ట్రాక్ మీద పెడల్ పూర్తిగా తొక్కి ఉంచినప్పుడు, రేడియేటర్‌లోకి పోయే వేడి దాదాపు చక్రాలకు అందే శక్తికి సమానం. రెండు, ట్రాఫిక్‌లో గాలి లేనప్పుడు. ఆగి ఉన్నప్పుడే వేడెక్కితే ఫ్యానునూ, రేడియేటర్ మొత్తం మీదుగా గాలి లాగేలా దాని చుట్టూ ఉండే డబ్బానూ అనుమానించాలి. డబ్బా లేని ఫ్యాను తన ఎదురుగా ఉన్న ముక్కనే చల్లబరుస్తుంది. వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే ఫ్యానును తిట్టి లాభం లేదు. గాలి రేడియేటర్ పక్కల నుంచి తప్పించుకుంటోంది, లేదా బానెట్ కింద గాలి బయటికి పోయే దారి లేదు. పక్కల సందులు రేకుతో, స్పాంజితో మూసేస్తే రేడియేటర్ మార్చకుండానే సగం సమస్య తీరుతుంది.

ఎల్‌ఎస్ ఇంజన్ల హెడ్ల మీద ఆవిరి బయటికి పోయే సన్నటి గొట్టాలుంటాయి. వాటిని మూసేయడం చాలామంది చేసే పొరపాటు. అవి రేడియేటర్ పైభాగానికో ఎక్స్‌పాన్షన్ ట్యాంకుకో చేరాలి. మూసేస్తే హెడ్‌లో గాలి బుడగ నిలుస్తుంది. గేజి మామూలుగానే చూపిస్తుంది, లోపల ఒక మూల మాత్రం ఉడుకుతుంటుంది. నీళ్లు పోసేటప్పుడు కారు ముక్కు పైకెత్తి పోయాలి.

పెట్రోలు సంగతి సులువు. ఎల్‌ఎస్1కి రైల్‌లో 58 పీఎస్‌ఐ, అంటే 4 బార్ల ఒత్తిడి కావాలి. 350 గుర్రపు శక్తికి గంటకు సుమారు 80 కిలోల పెట్రోలు, అంటే 107 లీటర్లు. గంటకు 255 లీటర్ల పంపు ధారాళంగా సరిపోతుంది. కార్వెట్‌లో వాడిన, రెగ్యులేటరు కలిసి ఉండే ఫిల్టరు ట్యాంకు దగ్గర పెడితే ఇంజన్ దాకా ఒకే గొట్టం చాలు. పంపుకు పాత సన్నటి వైరు మీద కరెంటు ఇవ్వొద్దు. బ్యాటరీ నుంచి నేరుగా మందపు వైరు, రిలే, ఫ్యూజు పెట్టండి. పంపు దగ్గర 11 వోల్టులే అందితే ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కరుగుతుంది, నింద ట్యూనింగ్ చేసినవాడి మీద పడుతుంది.

కారు నెలల తరబడి స్టాండు మీద ఆగిపోయేది వైరింగు దగ్గరే. ఇంజన్ కొనేటప్పుడే దాని ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు), పూర్తి వైరింగు, యాక్సిలరేటర్ పెడల్, ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే దాని కంట్రోల్ మాడ్యూలు, అన్నీ ఒకే కారు నుంచి తీసుకోవాలి. ఎల్‌ఎస్ ఇంజన్లలో క్రాంకు సెన్సారు చక్రం పాతవాటిలో 24 సంకేతాలది, కొత్తవాటిలో 58ది. ఒకదాని ఈసీయూ మరోదాన్ని చదవలేదు. దొంగతనం అడ్డుకునే తాళం వ్యవస్థను సాఫ్ట్‌వేర్‌లో తీయించకపోతే ఇంజన్ రెండు క్షణాలు అందుకుని ఆగిపోతుంది. చాలామంది అది పెట్రోలు సమస్య అనుకుంటారు. ఇక ఎర్తు. రబ్బరు మౌంటింగులు కరెంటును పోనివ్వవు. బ్లాకు నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి మందపు తీగ వేయకపోతే స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబులు గుండానో గేరు లింకేజీ గుండానో దారి వెతుక్కుంటుంది, సెన్సారు అంకెలు నాట్యమాడతాయి.

బ్రేకులు, స్ప్రింగులు

కారు మోసే చలన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 160కి బదులు 200 నుంచి ఆపాలంటే బ్రేకులు 56 శాతం ఎక్కువ వేడి మింగాలి, బరువు పెరిగినది వేరే. 1.6 ఎమ్‌ఎక్స్-5 ముందు డిస్కులు 235 మిల్లీమీటర్లవి, 1.8లో 255. కే24కి ఆ 255 డిస్కులు, మంచి ప్యాడ్లు, కొత్త ద్రవం ఉంటే రోడ్డు మీద చాలు. వీ8కి గాలి రంధ్రాలున్న పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల కాలిపర్లు తప్పవు. ముందు మాత్రమే పెద్ద బ్రేకులు వేసి వెనకవి వదిలేస్తే ముందు చక్రాలు ముందే లాకవుతాయి. వెనక కూడా పెంచి, వెనక్కి పోయే ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వుతో సమతూకం సరిచేయాలి.

ముందు స్ప్రింగులు ఊహతో కొనకండి. ఇంజన్ తీసేముందు నాలుగు చక్రాల కిందా తూకం యంత్రాలు పెట్టి రాసుకోండి, పని అయ్యాక మళ్లీ తూచండి. ముందు ఇరుసు బరువు ఎన్ని శాతం పెరిగిందో స్ప్రింగు గట్టిదనమూ అన్ని శాతం పెంచితే కారు పాత నడకే నడుస్తుంది. బ్యాటరీ వెనక డిక్కీలోకి మార్చడం, ఇనుప మానిఫోల్డ్ తీసి పలచటి స్టీలుది వేయడం లాంటివి చేస్తే స్ప్రింగులు మార్చాల్సిన అవసరమే తగ్గుతుంది.

పని మొదలుపెట్టకముందే ఇంకొకటి చూసుకోవాలి. ఇంజన్ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో, బీమాలో నమోదు చేయాలన్న నిబంధన చాలా దేశాల్లో ఉంది. కొన్నిచోట్ల కొత్త ఇంజన్ కారు కంటే పాతది కాకూడదు, దాని కాలుష్య పరికరాలన్నీ వెంట రావాలి. క్యాటలిటిక్ కన్వర్టరుకు నేల కింద చోటు ముందే అనుకోకపోతే ఎగ్జాస్ట్ మళ్లీ కొయ్యాలి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోలు పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ ఫ్యూజు తీసేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా విడతలు విడతలుగా స్టార్టర్ తిప్పండి, ఒక్కో విడతకు 10 సెకన్లు దాటకుండా. తర్వాత ఫ్యూజులు పెట్టి, పంపు ఒత్తిడి వచ్చాక గొట్టాలన్నీ టార్చితో చూడండి, ఆపైనే ఇంజన్ స్టార్ట్ చేయండి. ఫ్యాను తనంతట తాను తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనిచ్చి, పూర్తిగా చల్లారాక నీళ్ల మట్టం చూడండి. కచ్చితంగా తగ్గి ఉంటుంది. మౌంటింగు, షాఫ్టు, డిఫరెన్షియల్ బ్రాకెట్, యాక్సిల్ బోల్టులన్నీ టార్క్ రెంచితో బిగించాక తల మీద నుంచి పక్కకు పెయింటుతో ఒక గీత గీయండి. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కి మరోసారి కారు ఎత్తి ఆ గీతలు కలిసి ఉన్నాయో లేదో చూస్తే ఏ బోల్టు కదిలిందో రెంచి పట్టకుండానే తెలుస్తుంది. ముందుగా కదిలేవి సాధారణంగా డిఫరెన్షియల్ ముక్కు బ్రాకెట్‌వే.